మ్యూజియంలో ఏ కుటుంబం? ఎవరి ప్రకృతి?

ముసునూరు మామిడితోటల్లో కోతలు అయిపోయి ఆడవాళ్ళకి కూలిపనులు పలచబడిన రోజుల్లో, తోటపనికి వెళ్ళే కొందరు స్త్రీలతో, వాళ్ళ పిల్లలతో కలిసి ఒక నగరంలోని ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాలకి వెళ్ళాను. ఆ ఆదివారం అక్కడ కుటుంబాల కోసం ప్రత్యేక కార్యక్రమం ఉంది. ఆకుల్ని గుర్తుపట్టడం, పురుగుల్ని భూతద్దంలో చూడడం, పక్షుల కూతలు వినడం, ఇవన్నీ తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి చేయాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

కానీ హాల్లో జరిగింది వేరు. వివరించే యువకుడు ప్రశ్నలన్నీ తండ్రుల్నీ పిల్లల్నీ అడుగుతున్నాడు. తల్లులు వెనక వరసలో చంటిపిల్లల్ని ఎత్తుకుని, టిఫిను డబ్బాలూ నీళ్ళసీసాలూ పట్టుకుని నిలబడ్డారు. మాతో వచ్చినామె ఒకరు అద్దాల పెట్టెలో సూదికి గుచ్చి ఉన్న ఒక చిన్న పురుగు దగ్గర ఆగిపోయింది. దాని కింద లాటిన్ పేరూ ఇంగ్లీషు పేరూ మాత్రమే ఉన్నాయి. "మేడమ్, ఇది మా తేనెమంచు పురుగు కదండీ" అంది. పూతమీద అది ఎప్పుడు చేరుతుందో, ఆకులమీద బంక ఎలా కారుతుందో, ఆ బంకమీద నల్లటి మసి ఎలా పడుతుందో, పూత ఎలా మాడి రాలుతుందో వరసగా చెప్పుకుపోయింది. ఆ యువకుడు కాసేపు విన్నాడు. "సరేనమ్మా, ముందుకి నడవండి, వెనకవాళ్ళు చూడాలి" అన్నాడు.

మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాద వెనక ఏముందన్నదే ఇప్పుడు మన ప్రశ్న.

ముందు 'కుటుంబం' అన్న మాట తీసుకుందాం. ఆదివారం సెలవున్న కుటుంబం, బస్సుఖర్చు, టిక్కెట్టు ఖర్చు భరించగల కుటుంబం, చదివి వివరించే తండ్రి ఉన్న కుటుంబం, ఇదే వీళ్ళ ఊహలో ఉన్నది. కూలికి వెళ్ళే స్త్రీకి ఆదివారం సెలవు కాదు. ఇంట్లోనే ఉండే స్త్రీకి అసలు సెలవన్నదే లేదు. ఆరోజు తెల్లవారుజామున లేచి అందరికీ పులిహోర కలిపింది ఎవరు? సాయంత్రం ఇంటికి వచ్చాక అంట్లు తోమింది ఎవరు? కుటుంబ విహారం అనేది స్త్రీకి ఇంటిచాకిరీని ఇంకో చోటికి మోసుకెళ్ళడమే అవుతోంది. భర్త వదిలేసిన స్త్రీ, భర్త పోయిన స్త్రీ పిల్లలతో వస్తే ఆమెది కుటుంబమేనని ఆ కార్యక్రమంలో ఎక్కడా అనిపించదు.

ఇక 'ప్రకృతి' సంగతి. ప్రదర్శనశాలల్లో ప్రకృతి మనుషుల శ్రమ తగలని వస్తువులాగా కనిపిస్తుంది. అమెరికన్ స్త్రీవాద పరిశోధకురాలు డోనా హారవే 1984లో రాసిన ఒక వ్యాసంలో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీని పరిశీలించారు. గడ్డి కూరిన జంతువుల ఆ దృశ్యాల్లో ప్రకృతి ఎంత ఉందో, ఆనాటి అమెరికన్ మగవాళ్ళ కుటుంబ నమూనా, వేట గర్వం, జాతి గర్వం కూడా అంత ఉన్నాయని ఆవిడ చూపించారు. శిలాజాల చరిత్రా ఇంతే. ఇంగ్లండులో మేరీ ఆనింగ్ (1799-1847) సముద్రపు ఒడ్డున కొండచరియల్లో ప్రాచీన జలచరాల అస్థిపంజరాలు తవ్వితీసింది. ఆమె పేదది, ఆడది. ఆమె తీసిన ఎముకలమీద వ్యాసాలు రాసి పేరు తెచ్చుకున్నది మగ పండితులు. లండన్ జియలాజికల్ సొసైటీ స్త్రీలని సభ్యులుగా చేర్చుకున్నది 1919లోనే. మన దేశంలో చెరుకు మీదా, మొక్కల క్రోమోజోములమీదా అంత పరిశోధన చేసిన జానకీ అమ్మాళ్ (1897-1984) పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

దీన్నిబట్టి మ్యూజియాలు అక్కర్లేదని నేను అనడం లేదు. ఢిల్లీలో 1978లో మొదలైన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు అందులోని నమూనాలతోపాటు తరాల పిల్లల ఆశ్చర్యం కూడా కాలిపోయింది. మైసూరులో 1995లో మొదలైన ప్రాంతీయ మ్యూజియంలాంటివి మనకి ఇంకా కావాలి. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం గోదావరి-ప్రాణహిత లోయలో, యామనపల్లి దగ్గర దొరికింది. మన నేలలోంచే లేచిన ఆ జంతువుని చూసి కూలివాళ్ళ పిల్లలు నోరు తెరుచుకుని నిలబడే హక్కు ఉంది. వాళ్ళ తల్లులకీ ఉంది. నిజం చెప్పాలంటే, నా కూతుర్ని ఎన్నో మ్యూజియాలు తిప్పిన నేను, ఆ తేనెమంచు పురుగు ముందు నిలబడేదాకా, ఈ పేర్లు పెట్టింది ఎవరని అడగలేదు.

పేరు పెట్టే అధికారం, వివరించే అధికారం స్త్రీల చేతిలో ఉంటే ప్రదర్శన ఎలా ఉంటుందో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, రెండు దశాబ్దాలకి పైగా 'పాత పంటల జాతర' జరుపుతూ వచ్చారు. సంక్రాంతికి మొదలుపెట్టి, అలంకరించిన ఎడ్లబండ్లమీద జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగారు. అక్కడ అద్దాల పెట్టెలు లేవు. విత్తనాన్ని ముట్టుకోవచ్చు, అడగొచ్చు, వాదించొచ్చు. వివరించేది దాన్ని దాచినామే. ఆ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అది కూడా ప్రకృతి ప్రదర్శనశాలే అని ఒప్పుకోవడానికి మనకి ఇంకా బెరుకెందుకు?

ముసునూరు విషయానికి వద్దాం. ఇక్కడ మగవాళ్ళు చిక్కంతో కాయ దించుతారు. ఏరడం, తొడిమ విరిచి సొన కార్చడం, రకం చూసి వేరుచేయడం, గడ్డిలో పేర్చడం ఎక్కువగా స్త్రీల పని. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు, ఏ కాయ ఎన్ని రోజులకి పండుతుందో వాళ్ళ వేళ్ళకి తెలుసు. సొన పడి చర్మం ఎలా పొక్కుతుందో కూడా ఆ వేళ్ళకే తెలుసు. పురుగుమందు కొట్టిన మర్నాడే చెట్టుకింద కూర్చుని పనిచేసేదీ వాళ్ళే. మామిడిచెట్టు జీవచరిత్ర చెప్పేటప్పుడు పురుగు ఉండి, మందు లేకపోతే, కాయ ఉండి, కాలిన చెయ్యి లేకపోతే అది సగం శాస్త్రమే. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం చేసుకున్నాం. ఆ కూలిలెక్క కూడా ఈ ప్రదర్శనలో భాగం కావాలి.

దీనికి చట్టంలో దారి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేసుకోవాలి. ఊళ్ళోని మొక్కలు, జంతువులు, వాటిగురించిన స్థానిక జ్ఞానం నమోదుచేసిన ప్రజా రిజిస్టరు తయారుచేయాలి. కమిటీ సభ్యుల్లో మూడోవంతుకి తగ్గకుండా స్త్రీలు, 18 శాతానికి తగ్గకుండా షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్ళు ఉండాలని 2004 నిబంధనలు చెప్పాయి. కాగితంమీద సంతకాలకే పరిమితం కాకుండా ఆ రిజిస్టరుని స్త్రీలు కూర్చుని చెప్పి రాయిస్తే, అదే ఊరి మ్యూజియానికి మొదటి పుస్తకమవుతుంది. మన దేశం 1993లో ఆమోదించిన 'సెడా' ఒప్పందం 13వ అధికరణం వినోదంలో, సాంస్కృతిక జీవితపు అన్ని పార్శ్వాల్లో స్త్రీలకి సమాన హక్కు ఉందంటోంది. మ్యూజియం చూడడం ఎవరో మనకి చేసే ఉపకారం కాదు.

కాబట్టి మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి నమూనా కింద తెలుగు పేరు, వాడుక పేరు ఉండాలి. చదవలేనివాళ్ళకి నోటితో చెప్పే ఏర్పాటు ఉండాలి. చంటిపిల్లలకి ఉయ్యాల, స్త్రీలకి శుభ్రమైన మరుగుదొడ్డి, కూర్చోవడానికి చోటు ఉండాలి. కుటుంబ కార్యక్రమాలు కోతలు లేని నెలల్లో కూడా, ఊళ్ళలో కూడా జరగాలి. తోటల్లో పనిచేసే స్త్రీలని వివరించేవాళ్ళుగా పిలవాలి, ఆ రోజుకి వాళ్ళకి కూలి ఇవ్వాలి. జ్ఞానం ఇచ్చినవాళ్ళ పేరు, వాళ్ళు ఒప్పుకుంటే, చీటీమీద రాయాలి.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో ఆమె కూతురు, ఆరో తరగతి పిల్ల, అడిగింది: "అమ్మా, నీకు తెలిసిందే కదా అక్కడ పెట్టారు. మరి నువ్వెందుకు చెప్పలేదు?" ఆమె "చెప్పాను, వాళ్ళకి టైము లేదు" అంది. ఆ పిల్ల పెద్దదయ్యేలోపు వాళ్ళకి టైము ఉండేలా చేయడం మన పని. మీ ఊళ్ళో, మీ దగ్గరి పట్నంలో ఉన్న ప్రదర్శనశాలకి ఒకసారి వెళ్ళిరండి. అక్కడ ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు డబ్బాలు మోస్తున్నారో గమనించండి. మాకు రాయండి. వచ్చే సంచికలో ఈ చర్చ కొనసాగిద్దాం.