రెండు ప్లాన్ల ఇల్లు

కొత్తగా ఇల్లు మొదలుపెట్టిన చోటికి వెళ్ళి చూడండి. చాలా చోట్ల ఇంజనీరు దగ్గర రెండు ప్లాన్లు కనిపిస్తాయి. ఒకటి పర్మిషన్ ప్లాను, రెండోది కట్టే ప్లాను. మొదటిదాంట్లో ఇంటి చుట్టూ నాలుగు వైపులా ఖాళీ ఉంటుంది. ఇంకుడుగుంత ఉంటుంది. ఓ మూల చిన్న సున్నా చుట్టి ‘చెట్టు’ అని కూడా రాసి ఉంటుంది. రెండోదాంట్లో ఆ చెట్టు ఉండాల్సిన చోట పై పోర్షనుకు మెట్లు లేస్తాయి. మొదటిది మునిసిపాలిటీకి, బ్యాంకుకు వెళుతుంది. రెండోది మేస్త్రి చేతిలో సిమెంటు మరకలతో నలుగుతుంది. ఇందులో ఎవరూ తప్పు చేస్తున్నట్టు మొహం పెట్టరు. ‘పర్మిషన్‌కి అలా చూపించాలి సార్, కట్టేది వేరే’ అని ఇంజనీరు మామూలుగా చెబుతాడు, ఇంటాయన మామూలుగా తలూపుతాడు.

ప్లాను పాస్ చేయించడమంటే ఒకప్పుడు చెప్పులు అరిగేవి. సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఖాళీ స్థలం పన్ను రసీదు, ఎల్‌ఆర్‌ఎస్ కాగితం, వీటిలో ఒకటి దొరికితే ఇంకొకటి దొరికేది కాదు. అన్నీ కుదిరి ఫైలు లోపలికి వెళితే, ఇంకేదో తక్కువైందని షార్ట్‌ఫాల్ పడేది. వీధిలో ఇసుక లారీ దిగిన మర్నాడే, ఎవరు చెప్పారో తెలియదు గానీ, మునిసిపాలిటీ చైన్‌మన్ వచ్చి నిలబడేవాడు. ఇచ్చుకున్నవాడూ తిట్టుకునేవాడు, ఇచ్చుకోలేనివాడూ తిట్టుకునేవాడు. ఆ తిట్లలో మనకొక వెసులుబాటు కూడా ఉండేది. సందు వదలకుండా గోడ లేపేసినా, ‘తిన్నది వాళ్ళు, మనదేముంది’ అనుకుని హాయిగా పడుకోవచ్చు.

తెలంగాణలో ఆ వెసులుబాటు 2020 నవంబరు 16 నుంచి తగ్గింది. ఆ రోజు మొదలైన టీఎస్-బీపాస్ పద్ధతిలో, 75 గజాల లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తు దాటకుండా కింద ఒకటి, పైన ఒకటి వేసుకునేవారికి అసలు అనుమతే అక్కర్లేదన్నారు. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే అనుమతి వెంటనే చేతికొస్తుంది. అంతకు మించిన కట్టడాలకు 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. 2025లో ఈ పద్ధతి స్థానంలో బిల్డ్‌నౌ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది, లైసెన్సున్న ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు తామే ధ్రువీకరించే పద్ధతిని తెచ్చుకుంది. అంతా సులువైపోయిందని చెప్పలేం. సాఫ్ట్‌వేరు చదవగలిగేలా డ్రాయింగును పొరలు పొరలుగా గీసి ఎక్కించడం ఇంటాయన వల్ల అయ్యే పని కాదు, ఆ పని తెలిసినవారి గుమ్మం ఎక్కక తప్పదు. అయినా పాత రోజులతో పోలిస్తే మంచి మార్పే. నమోదు చాలన్న 75 గజాల మినహాయింపు మరీ మంచి పని. చిన్న జాగాలో తలదాచుకునేవాడిని పది టేబుళ్ళ చుట్టూ తిప్పడం కంటే అమానుషం లేదు.

అయితే స్వీయ ధ్రువీకరణ అంటే, నేను ఇలాగే కడతానని యజమాని సంతకం పెట్టి చెప్పడం. తప్పుడు వివరాలిస్తే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది. ఆ బెదిరింపు సంగతి అటుంచుదాం. మధ్యలో ఉన్న మనిషిని తీసేసి, ప్రభుత్వం ‘నీ మాట నమ్ముతాను’ అంది. నమ్మకం చూపించినప్పుడు కూడా రెండు ప్లాన్లు గీయించుకుంటున్నాం. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలి?

ఆశ ఎక్కడ పుడుతుందో తెలియనిది కాదు. ముప్పై అడుగుల వెడల్పు, నలభై ఐదు అడుగుల పొడవున్న జాగా తీసుకోండి. సరిగ్గా 150 గజాలు. మధ్యతరగతివాడు ఉద్యోగమంతా వాయిదాలు కట్టి కొనుక్కునేది ఇంచుమించు ఇంతే. 2012లో వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం ఈ కొలత జాగాలో మామూలు వీధి వైపు ఒకటిన్నర మీటరు, తక్కిన మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. ఈ ఖాళీనే సెట్‌బ్యాక్ అంటారు. వదిలాక ఇంటికి మిగిలేది 860 చదరపు అడుగులు. అంటే 54 గజాల పైచిలుకు ఖాళీగా ఉండాలి. గజం ధర తెలిసినవాడికి ఆ లెక్క గొంతులో ముల్లు. పైగా ఇద్దరు కొడుకులు, ఒక పోర్షను అద్దెకిస్తేనే తీరే బ్యాంకు అప్పు. అందుకే ప్లానులో ఖాళీ చూపించి, కట్టేటప్పుడు ఆ మూడడుగులను పడగ్గదిలో కలిపేస్తాడు. అతన్ని దుర్మార్గుడనడానికి ఈ కలం ఒప్పుకోదు. కానీ ఆ మూడడుగులు ఎందుకు అడిగారో అతనికి ఎవరూ చెప్పలేదన్నది కూడా నిజం.

నగరంలో పక్క జాగా ఖాళీగా ఉన్న ఇళ్ళను గమనించండి. మూడంతస్తుల ఇల్లు, ముందువైపు పాలరాయి, రంగులు, స్టీలు గ్రిల్లు. పక్కకు వెళితే ఇటుకలు కనిపిస్తూ, ప్లాస్టరింగ్ లేని గోడ. హద్దు మీదే గోడ కట్టాడు గనుక అటువైపు పూత పూయాలంటే పక్కవాడి జాగాలో పరంజా కట్టాలి. పక్కాయన ఒప్పుకోలేదు. లేదా ‘వాళ్ళెలాగూ కట్టుకుంటారు, అప్పుడు మూసుకుపోతుంది’ అని వదిలేశాడు. నాలుగు వానాకాలాలు తడిసేసరికి లోపలి గదిలో చెమ్మ పాకుతుంది. బీరువా వెనక బూజు పడుతుంది. అటువైపు కిటికీ పెట్టడానికి లేదు కనుక పట్టపగలు లైటు వేసుకుని బట్టలు మడతపెడతారు. తరువాత పక్కాయనా హద్దు మీదే కడతాడు. రెండు గోడల మధ్య అంగుళమంత సందు మిగులుతుంది. దాంట్లో వాన నీరు దిగుతుంది, చీపురు మాత్రం దిగదు. ఇద్దరూ మీటరు చొప్పున వదిలి ఉంటే ఆరున్నర అడుగుల సందు ఏర్పడేది. ఇద్దరి కిటికీలూ తెరుచుకునేవి, ప్లంబరు నిలబడి పైపు మార్చేవాడు, నిప్పు అంటుకుంటే మనిషి పరిగెత్తగలిగేవాడు. ఒక్కరే వదిలితే మాత్రం ఏం లాభం? వదిలినవాడి కిటికీ ఎదురుగా వదలనివాడి గోడ లేస్తుంది. నిజాయితీపరుడు నష్టపోయే చోటు ఇదే, అతను రెండోసారి వదలడు.

వెనకటి పల్లెల్లో జీవోలు లేవు. పెంకుటింటి చూరు నీళ్ళు మాత్రం మన జాగాలోనే పడాలనేది కట్టుబాటు. చూరు ఓ జానెడు ముందుకొచ్చి పక్కింటి వాకిట్లో నీళ్ళు ధార కడితే పెద్దమనుషులు కూర్చునేవారు. పెంకులు సర్దుకునే దాకా ఊరు ఊరుకునేది కాదు. నగరానికొచ్చాక చూరు పోయి స్లాబొచ్చింది, పెద్దమనుషులు పోయి పోర్టల్ వచ్చింది. హైదరాబాద్ ఇరుకు వల్ల వచ్చే కష్టం తెలియని ఊరేమీ కాదు. 1908 మూసీ వరద తరువాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, వెడల్పాటి వీధులు తీసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టించింది. ఒకసారి నేర్చుకున్న పాఠాన్ని గజం గజం చొప్పున మరిచిపోతూ వచ్చాం.

హద్దుల పట్టింపు మనకు లేదనడానికీ వీల్లేదు. ఆయం కుదరలేదంటే గదిని నాలుగంగుళాలు కుదిస్తాం. ఈశాన్యం తగ్గిందంటే కట్టిన ప్రహరీని కూల్చి సరిచేయిస్తాం. మెట్లు ఎటు తిరగాలో, నీళ్ళ సంపు ఎక్కడ తవ్వాలో, పంతులుగారు చెప్పింది దారం పట్టి కొలిచి మరీ చేస్తాం. తూర్పు, ఉత్తరాల్లో ఎక్కువ జాగా వదలమంటే మారు మాట్లాడకుండా వదులుతాం. వాస్తులో తేడా వస్తే మనకే కీడని నమ్మకం. సెట్‌బ్యాక్‌లో తేడా వస్తే కీడు పక్కవాడికి కదా అన్న ధీమా. ఆ కీడు చెమ్మ రూపంలో మన బీరువా వెనక్కే వస్తుందని మాత్రం ఏ పంచాంగమూ చెప్పదు.

అనుమతి కాగితంలోనే మిగిలిపోయేది ఖాళీ జాగా ఒక్కటే కాదు. ఇంకుడుగుంత సంగతి చూడండి. నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచీ దాని గురించి వింటూనే ఉన్నాం. ప్లానులో అది తప్పకుండా ఉంటుంది. కట్టిన ఇంట్లో ఆ చోట కారు ఉంటుంది. వేసవిలో ఆ ఇంటికే ట్యాంకరు వస్తుంది. ఇంకొకటి, ఎవరూ తలవనిది. కట్టడ కార్మికుల సంక్షేమానికని నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు 1996 చట్టంతో మొదలైంది. ఆ చట్టంలో సొంతంగా ఉండటానికి పది లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటికే మినహాయింపు ఉండేది. ఛార్జీల పట్టికలో ఆ వరుస చూసి చాలామంది ‘ఇదేంటి ఇంకో బాదుడు’ అంటారు. డబ్బు కట్టినప్పుడు దాని ఫలం అందాల్సిన మనిషి ఎదురుగానే ఉంటాడు. మన ఇంటి స్లాబు మీద తట్ట మోస్తున్న పాలమూరు మనిషి, శ్రీకాకుళం మనిషి, బీహారు నుంచి వచ్చిన కుర్రాడు. ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసి, వయసు పద్దెనిమిదికీ అరవైకీ మధ్య ఉంటే కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ‘కార్డు ఉందా’ అని ఒక్కమాట అడిగే ఇంటివారు ఎంతమంది?

నియమాలు పాటించడం మనవాళ్ళకు రాదనీ కాదు. మన పిల్లలు అమెరికాలో ఇళ్ళు కొంటున్నారు. అక్కడ చాలా ఊళ్ళలో పెరట్లో చెక్క డెక్కు వేయించాలన్నా నగరపాలిక పర్మిట్ ఉండాలి, పర్మిట్ కాగితం పని జరిగే చోట కనపడేలా పెట్టాలి. ఇల్లు కడుతున్నప్పుడు పునాదికోసారి, కరెంటు తీగలకోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరేనంటే గానీ గోడ మూయరు. వారాల కొద్దీ ఓపిగ్గా ఎదురుచూసే ఆ అబ్బాయే ఫోనులో ‘నాన్నా, ఇంకో ఫ్లోరు వేసేద్దాం, ఎవరు చూస్తారు’ అంటాడు.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో, అనుమతి లేని కట్టడాలను జరిమానాతో సక్రమం చేసే బీపీఎస్ వచ్చింది. 2015లో తెలంగాణలో బీఆర్‌ఎస్ వచ్చింది. పార్టీ కాదు సుమా, భవనాల క్రమబద్ధీకరణ పథకం. అప్పటికి పార్టీకి ఆ పేరు రాలేదు. ఆ పథకం హైకోర్టులో చిక్కుకుంది. దాని మంచిచెడులు ఎలా ఉన్నా, జనానికి అందిన కబురు ఒకటే: ముందు కట్టు, తరువాత కట్టుకోవచ్చు. మొదటి కట్టు గోడ, రెండోది జరిమానా. నిబంధన ప్రకారం జాగా వదిలిన పక్కింటాయన ఇదంతా చూస్తూ, తన 54 గజాలు ఎందుకు వదిలానా అనుకుంటాడు. ఇలాంటి పథకం మళ్ళీ తెస్తామని ఎవరైనా ఓట్ల కోసం చెబితే, ఆ పక్కింటాయన ముఖం చూసి చెప్పాలి.

ఇక చాలామందికి ఉన్న ఇంకో భ్రమ. ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరుంది, నల్లా ఉంది, బ్యాంకు అప్పిచ్చింది, కనుక అనుమతి ఉన్నట్టేనని. అనుమతి లేని కట్టడానికీ పన్ను వేస్తారు, జరిమానాతో కలిపి మరీ వేస్తారు. ఆ రసీదు అనుమతి కాదు. 2024 జులైలో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడి, చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండినప్పటి నీటి హద్దు), బఫర్ జోన్లలోని కట్టడాల మీద పడినప్పుడు ఆ రసీదుల కట్టలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డ కుటుంబాలను టీవీల్లో చూశాం. కొందరి దగ్గర పంచాయతీ అనుమతి కాగితాలు కూడా ఉన్నాయి. ఇచ్చినవారిలో కొందరి మీద కేసులు పడ్డాయి గానీ, నమ్మినవారి గోడలు కూలాయి. అందుకని స్థలం కొనేవారు, ఇల్లు కొనేవారు అడగాల్సిన మొదటి కాగితం శాంక్షన్ ప్లానే. దాన్ని పట్టుకుని వెళ్ళి టేపుతో ఇంటిని కొలుచుకోవాలి. అమ్మేవాడు నొచ్చుకుంటాడని మొహమాటపడితే తరువాత నొచ్చుకునేది మనమే.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు ఇస్తూ, కట్టడం జరుగుతున్నంత కాలం ఆమోదం పొందిన ప్లాను ప్రతిని అక్కడ అందరికీ కనిపించేలా పెట్టాలని చెప్పింది. దాన్ని అమలు చేయించడానికి మునిసిపాలిటీకి పెద్ద ఖర్చేమీ లేదు, అనుమతి ఇచ్చేటప్పుడే ఒక పెద్ద ముద్రిత ప్రతి చేతికిచ్చి, అది వేలాడుతోందో లేదో వార్డు సిబ్బంది చూస్తే సరిపోతుంది. వీధిలో వాళ్ళకూ కొలతలు తెలుస్తాయి, తగాదా పునాదిలోనే తేలుతుంది. అధికారులు ఆ పని చేసే దాకా ఆగనక్కర్లేదు. ఈ ఏడాది ఇల్లు మొదలుపెడుతున్న పాఠకులకు మా మనవి: స్లాబు కర్రకు దిష్టిబొమ్మ కట్టేటప్పుడు దాని పక్కనే శాంక్షన్ ప్లాను కూడా కట్టండి, పక్కింటివారు చదువుకునేంత కిందికి.