పాఠాల గూడు మారేవేళ

తెలుగు ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మనవి.

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక మెట్టు ఎక్కుతూ 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. బడిలో తెలుగుకు చోటు కుంచించుకుపోయిన చోట, గుణింతాల పట్టికలను, అభ్యాసపత్రాలను వెబ్‌సైటులో దాచుకోవడం అలంకారం కాదు, అవసరం. అయితే అద్దె ఇల్లు శాశ్వతమా? ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. తరలించుకోనివారి పుటలు, ఇతరులు దయతలచి భద్రపరచినవి తప్ప, మాయమయ్యాయి.

కనుక గూడు మార్చవలసిన రోజు వస్తుందని ముందే తలచడం వివేకం. స్థిర పుటలతో కట్టిన సైటు కేవలం కొన్ని దస్త్రాల మూట. దానిని కొత్త సర్వరులో విప్పి పెట్టడం కష్టం కాదు. మూడు జాగ్రత్తలు మాత్రం అవసరం.

మొదటిది లిపి. పాత ఖతులలో టైపు చేసిన పాఠాలు ఆ ఖతి లేని యంత్రంలో అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. ముందే యూనికోడులోకి మార్చి, ప్రతి పుట తలభాగంలో యూటీఎఫ్-8 అని ప్రకటించండి. రెండవది దస్త్రాల పేర్లు. విండోస్ సర్వరు సాధారణంగా ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలకు తేడా చూడదు; లినక్స్ సర్వరు చూస్తుంది. నిన్న కనబడిన బొమ్మ నేడు కనబడకపోతే కారణం తరచుగా ఇదే. మూడవది కాలం. డొమైన్ పేరు అందరికీ కొత్త సర్వరును చూపడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అందాకా పాత ఖాతాను రద్దు చేయకండి.

వీటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటున్నది: ఆ డొమైన్ ఎవరి పేరిట ఉన్నది? ఉత్సాహవంతుడైన ఒక మాస్టారి సొంత ఈమెయిలుతో నమోదై ఉండి, ఆయన పదవీ విరమణ చేసి ఊరు మారితే, గడువు నోటీసు ఎవరికి చేరుతుంది? గడువు దాటిన పేరును మరొకరు కొనుక్కోవచ్చు. అప్పుడు నోటుపుస్తకాలలో రాసుకున్న చిరునామా పిల్లలను ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పలేము. అందుచేత పేరు సంఘానిది కావాలి. సంకేతపదం కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. మూట ప్రతి ఒకటి బడి కంప్యూటరులో ఉండాలి.

వాట్సాప్‌లో పంపుకుంటే చాలదా అనేవారున్నారు. గుంపులో పంపినది ఆ గుంపువారికే. వచ్చే ఏడు బడిలో చేరే బిడ్డ దానిని వెదకి పట్టుకోలేదు.

తరగతి మూతపడకుండా ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. పాఠాన్ని కాపాడుకోవడం మన చేతిలోనే ఉన్నది. ఈ సెలవులలోనే మీ సైటు ఎవరి పేరిట ఉన్నదో విచారించండి.