పొద్దున పోయి మాపటికి రండి

మా గాండ్లపెంట వైపు చెరువు నిండితేనే పండుగ. అలాంటివాళ్ళకు నాలుగు వైపులా నీళ్ళున్న నేలను ఒక్కసారైనా చూడాలనిపించడం వింత కాదు. ద్వీపం అనగానే మనకు రావణాసురుడి లంకే జ్ఞాపకం వస్తుంది. గోదావరి జిల్లాలవారికో, ఏటి నడుమ మేట వేసిన ప్రతి నేలా లంకే!

ఈ ముచ్చట తీరడానికి సింహళందాకా పోనక్కరలేదు. కాకినాడ రేవుకు ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది. పొద్దున పడవెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. గోదావరి పాయ తెచ్చిపోసిన ఒండ్రుతో గత 200 యేళ్ళలో ఏర్పడిన ఇసుక తిన్నె అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. పెద్దలు చెప్పే లెక్క నిజమైతే, మన తిమ్మమ్మ మర్రిమాను దీనికంటే వయస్సులో చాలా పెద్దది.

చిన్నదైనా చేసే పని పెద్దది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ దాపునే ఉన్న కోరంగి రేవును తుడిచిపెట్టింది. నేడు కాకినాడకూ సముద్రపు పోటుకూ నడుమ ఈ తిన్నె అడ్డుగోడలా ఉంది. ఆ గోడ ఇసుకదే సుమా!

జనవరి మొదలు మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఇక్కడి తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురును బట్టి సముద్రం దారి పడతాయి. మనం లైట్లు వేసుకొని కచేరీ పెడితే అవి దారి తప్పుతాయి. అందుకే అక్కడ రాత్రి బస వద్దంటాను.

పులిహోర మూటా, మంచినీళ్ళూ తీసుకుపోండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలను మీతోపాటే పడవెక్కించండి. వాయుగుండం వార్త వింటే ప్రయాణం మానుకోండి. పడవవాడు "ఇవాళ రాను బాబూ" అంటే మాత్రం బేరమాడకండి.