హెచ్చరిక వచ్చింది.. అర్థం కాలేదు! 6,300 ప్రాణాలు తీసిన హైయాన్ టైఫూన్ చెప్పే పాఠం ఇదే

బంగాళాఖాతంలో వస్తే తుపాను. వాయవ్య పసిఫిక్‌లో వస్తే టైఫూన్. పేర్లు వేరు, తీరు ఒకటే. 2013 నవంబర్‌లో ఫిలిప్పీన్స్‌ను అతలాకుతలం చేసిన టైఫూన్ హైయాన్. అక్కడివాళ్లు దాన్ని యోలాండా అంటారు. అధికారిక లెక్కల ప్రకారం 6,300 మంది చనిపోయారు. వెయ్యి మందికి పైగా గల్లంతయ్యారు. ముందే హెచ్చరికలున్నా ఇంత ప్రాణనష్టం ఎందుకు?

అంత బలం ఎక్కడిది?

మైక్రోనేషియా దగ్గర అల్పపీడనంగా మొదలైంది. నవంబర్ 4న పేరు పెట్టారు. వేడి సముద్రం నుంచి లేచే ఆవిరే టైఫూన్‌కు ఇంధనం. హైయాన్ వచ్చిన దారిలో చాలా లోతు వరకు నీళ్లు వెచ్చగానే ఉన్నాయి. సుడిని చెదరగొట్టే పైగాలులూ పెద్దగా లేవు. ఇంకేముంది.. రెండు రోజుల్లోనే సూపర్ టైఫూన్ అయిపోయింది! 8న తెల్లవారుజామున తూర్పు సమార్‌లోని గివాన్ దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలుల వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటిందని అమెరికా సంస్థ అంచనా.

గాలి కంటే నీరే ప్రమాదం

ఎక్కువ మంది చనిపోయింది టాక్లోబన్, దాని చుట్టుపక్కల ఊళ్లలో. ఆ నగరం ముందున్న శాన్ పెడ్రో బే లోతు తక్కువ, ఆకారం గరాటులా ఉంటుంది. గాలి నెట్టిన సముద్రం అందులో ఇరుక్కుని 5 మీటర్లకు పైగా లేచి ఊరి మీద పడింది. తలదాచుకున్న కొన్ని షెల్టర్లు కూడా మునిగిపోయాయి.

వాతావరణ శాఖ ముందే చెప్పింది. కానీ వాడిన మాట 'స్టార్మ్ సర్జ్'. చాలామందికి అదేంటో తెలియలేదు. సునామీ అని ఉంటే పరుగెత్తేవాళ్లమని బతికినవాళ్లు తర్వాత చెప్పారు.

ఆ తర్వాత హైయాన్ బలహీనపడి వియత్నాం ఉత్తర తీరం దాటి, దక్షిణ చైనాలోకి వెళ్లి కనుమరుగైంది. కానీ ఫిలిప్పీన్స్‌లో మాత్రం దాదాపు 40 లక్షల మంది నిరాశ్రయులయ్యారు.

మనం ఏం చూడాలి?

మనకు ఆ మాట కొత్త కాదు. అదే 'ఉప్పెన'. 1977లో దివిసీమలో వేల మందిని మింగింది కూడా అదే. అందుకే తుపాను అలర్ట్ వస్తే గాలి వేగం దగ్గరే ఆగిపోకండి. ఉప్పెన ఎన్ని మీటర్లు? మీ ఊరు ఎంత ఎత్తులో ఉంది? షెల్టర్ ఎంత ఎత్తులో ఉంది? ఈ మూడూ ముందే తెలుసుకోండి. ఖాళీ చేయమంటే ఆలస్యం చేయకండి.