పెట్టెలో వచ్చే మంచం

పిల్లలిద్దరికీ ఒకటే గది గనుక రెండంతస్తుల మంచం తెప్పిద్దామా అని మన ధన్నూర ఇళ్ళలోనూ అనుకుంటున్నాము. అది విడి చెక్కలుగా అట్టపెట్టెలో వస్తుంది. ఇందులో మనకు కొత్తేమున్నది? కోళ్ళూ పట్టెలూ ఊడదీసి, నవారు చుట్టి, బండిమీద వేసుకుని ఊళ్ళు మారిన వాళ్ళమే గదా! స్వీడను దేశపు ఐకియా వారు సామాను ఇలా విడిభాగాలుగా అమ్మటం మొదలుపెట్టినది 1956లో. మన బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసినదీ ఆ ఏడే.

బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా తిప్పి, మూలమట్టం సరిచూసుకున్న తరువాతనే అలెన్ కీతో బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే ఎదుటిమూల రంధ్రాలు కలవవు.

అసలు సంగతి పై మంచానిది. ఆరేళ్ళలోపు పిల్లలను అక్కడ పడుకోబెట్టరాదు. అడ్డుపట్టె పరుపుకన్న కనీసం 5 అంగుళాలు ఎత్తుండాలని అమెరికా నిబంధన. అవ్వ కుట్టించిన దూదిపరుపు వేశామా, ఆ ఎత్తు కాస్తా మునిగిపోతుంది. సందు మూడున్నర అంగుళాలు మించితే ఒళ్ళు జారి తల చిక్కుకుంటుంది. పైగా మన గదులలో నడినెత్తిన ఫంకా. లేచి కూర్చున్న పిల్లవాడి చేతికి రెక్కలు అందేటట్లుంటే ఆ గదిలో ఈ మంచం వద్దనే మేమంటాము. చాలా రకాలను విడదీసి రెండు మంచాలుగా నేలమీదనే వేసుకోవచ్చును, కొనేముందే అడగండి.