పత్తి పురుగు ఏమీ నేర్చుకోలేదు

పత్తి చేలో గులాబీ రంగు పురుగు బీటీ విషానికి లొంగకపోతే "పురుగు మందుకు అలవాటు పడింది" అంటాం. వేసిన యాంటీబయాటిక్ పనిచేయకపోతే "ఒంటికి మందు అలవాటైపోయింది" అంటాం. దోమల మందుకు దోమలు చావకపోయినా, కలుపు మందుకు కలుపు చావకపోయినా చెప్పేది ఇదే. రైతు, దుకాణదారు, వార్త రాసే విలేకరి, చివరికి జీవశాస్త్రం పాఠం చెప్పే మాస్టారు కూడా ఇదే మాట చెబుతారు. అందరి మనసులోనూ ఉన్న నమ్మకం ఒక్కటే: అవసరం ముంచుకొస్తే జీవి తనను తాను మార్చుకుంటుంది, ఆ మార్పు దాని పిల్లలకు అందుతుంది. పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటున్నాం అనేవాళ్లలో కూడా చాలామంది ఒప్పుకుంటున్నది దీన్నే. డార్విన్ పేరు మీద చెలామణి అవుతున్న ఈ అభిప్రాయం పూర్తిగా తప్పు. పరీక్షలో రెండు మార్కులు పోగొట్టడంతో దీని నష్టం ఆగదు. పంటలూ ప్రాణాలూ దీని మూలంగా పోతున్నాయి. అందుకే దీన్ని సర్దుకుపోదగ్గ పొరపాటుగా చూడటం నాకు సమ్మతం కాదు.

డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం చాలా సూటి విషయం. ఒక చేలో లక్ష పురుగులు ఉన్నాయనుకుందాం. వాటిలో పదింటికి, పుట్టుకతోనే, విషం పట్టని తీరు ఉంది. ఆ తీరు విషం కోసం వచ్చింది కాదు. డీఎన్‌ఏ నకలు తీసుకునేటప్పుడు దొర్లిన ఏదో తేడా వల్ల వచ్చింది. విషం లేనంత కాలం దాని వల్ల ఆ పురుగుకు ఒరిగేదేమీ లేదు, కొన్నిసార్లు నష్టం కూడా. విషం వచ్చింది, మిగతావన్నీ చచ్చాయి, ఆ పదీ గుడ్లు పెట్టాయి. కొన్ని తరాలకు చేను నిండా వాటి సంతానమే. ఈ మొత్తం కథలో ఒక్క పురుగు కూడా తన జీవితకాలంలో మారలేదు. చచ్చినది చచ్చేదాకా అలాగే ఉంది, బతికినది పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది. మారింది సమూహంలో వాటి నిష్పత్తి. ఒక్క జీవిని చూస్తే పరిణామం కనిపించదు; తరతరాల లెక్క చూస్తేనే కనిపిస్తుంది. మన పాఠాలు మాత్రం జిరాఫీ మెడ దగ్గర ఆగిపోతాయి. లామార్క్ ఏమన్నాడు, డార్విన్ ఏమన్నాడు అని రెండు పేరాలు బట్టీ పట్టిన విద్యార్థి మనసులో చివరికి మిగిలేది మెడ సాచుతున్న ఒకే ఒక్క జిరాఫీ బొమ్మ.

రెండు వివరణల్లో ఏది నిజమో ఇష్టాయిష్టాలతో తేల్చవలసిన పని లేదు. ప్రయోగశాలలో ఎప్పుడో తేలింది. బాక్టీరియాను చంపే వైరస్‌ను వాటి మీద వదిలితే దాదాపు అన్నీ చస్తాయి, ఏవో కొన్ని మిగిలి మళ్లీ పెరుగుతాయి. మిగిలినవి వైరస్ తాకిడికి మారాయా, ముందునుంచే వేరుగా ఉన్నాయా అన్నది 1940ల దాకా తెగని తగవు. 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ దీన్ని లెక్కతో తెంచారు. కొద్దిపాటి బాక్టీరియాతో మొదలుపెట్టి, ఎన్నో గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఆ తర్వాత ఒక్కో గొట్టంలోని వాటిని వైరస్ ఉన్న పళ్లేల మీద వేశారు. వైరస్ ఎదురయ్యాకే మార్పు వచ్చేటట్టయితే, అది అన్నిటికీ ఒకే తీరుగా ఎదురైంది కాబట్టి, ఏ గొట్టం నుంచి చూసినా మిగిలినవాటి సంఖ్య ఇంచుమించు సమానంగా ఉండాలి. వైరస్‌తో పనిలేకుండా, పెరుగుతున్న క్రమంలోనే ఎప్పుడో ఒకప్పుడు మార్పు వచ్చి ఉంటే లెక్క వేరుగా ఉంటుంది. తొలి తరాల్లో మార్పు వచ్చిన గొట్టంలో ఆ వంశం బాగా విస్తరించి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన దాంట్లో ఒకటో రెండో ఉంటాయి. రాని దాంట్లో ఏమీ ఉండవు. ఫలితాలు అచ్చం ఈ రెండో తీరులోనే వచ్చాయి.

అప్పటికీ, ఇది గణితం చూపిన పరోక్ష సాక్ష్యమే కదా అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు 1952లో ఎస్తర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు మఖమల్ గుడ్డతో జవాబు చెప్పారు. పళ్లెంలో పెరిగిన బాక్టీరియా మీద ఆ గుడ్డను అద్ది, అదే అచ్చును వైరస్ గానీ స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ గానీ ఉన్న కొత్త పళ్లేల మీద ఒత్తారు. బతికినవి అన్ని పళ్లేల్లోనూ ఒకే చోట్ల మొలిచాయి. అంటే ఎవరు బతకాలో మందు తగలకముందే నిర్ణయమై ఉంది. అంతటితో ఆగకుండా మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోట్ల నుంచి బాక్టీరియాను తీసి, విడతలు విడతలుగా ఏరుతూ పోతే, మందు మొహం ఎన్నడూ చూడని వంశమే మందును తట్టుకునేదిగా తేలింది. మందును చూసి నేర్చుకుంది అనడానికి ఇక్కడ చోటేదీ? చూడనే లేదు కదా.

క్షయ వైద్యం మొత్తం ఈ జ్ఞానం మీదే నిలబడింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1948లో ప్రకటించిన స్ట్రెప్టోమైసిన్ ప్రయోగంలో రోగులు మొదట కోలుకున్నారు. కొన్ని నెలల్లోనే చాలామందిలో మందుకు చావని క్రిములు పెరిగాయి. ఆ తర్వాత మరో మందును కలిపి ఇస్తే ఆ బెడద బాగా తగ్గింది. ఎందుకు? ఐసోనియాజిడ్‌ను తట్టుకునే క్షయ క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌ను తట్టుకునేది సుమారు పది కోట్లలో ఒకటి. ఊపిరితిత్తుల పుండులో పది కోట్ల నుంచి వంద కోట్ల క్రిములు ఉండవచ్చు. కాబట్టి ఏ ఒక్క మందు విడిగా ఇచ్చినా దాన్ని తట్టుకునేవి లోపల ముందే సిద్ధంగా ఉంటాయి. రెండిటినీ తట్టుకునేది కోటి కోట్లలో ఒకటి. అన్ని క్రిములు రోగి ఒంట్లో ఉండనే ఉండవు. క్రిమి అవసరాన్ని బట్టి మారేదే అయితే ఈ గుణకారానికి అర్థమే లేదు: ఒక అవసరానికి ఒకసారి మారినది రెండు అవసరాలకు రెండుసార్లు మారుతుంది, అంతే. మందులు కలిపి ఇవ్వడం పనిచేస్తున్నదంటేనే, మార్పు అవసరాన్ని చూసి రాదని రోజూ రుజువవుతున్నట్టు.

మన నేలకు బాగా దగ్గరి ఉదాహరణ మాత్రం పత్తే. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ పత్తికి 2002లో దేశంలో అనుమతి వచ్చింది, రెండు విష జన్యువులున్న రకం 2006లో వచ్చింది. అనుమతితో పాటే ఒక షరతు పెట్టారు: బీటీ పత్తి చుట్టూ ఐదు వరుసలు గానీ, 20 శాతం విస్తీర్ణంలో గానీ, ఏది ఎక్కువైతే అంత మేర మామూలు పత్తి వేయాలి. అందుకోసం 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చారు. పురుగు అలవాటు పడుతుందని నమ్మేవాడికి ఈ షరతు పిచ్చిపనిగానే కనిపిస్తుంది. విషం లేని మొక్కలు వేసి పురుగును మేపడం ఏమిటి? చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను విప్పనే లేదు. నిష్పత్తుల లెక్క తెలిసినవాడికి అదే షరతు ప్రాణవాయువు. విషాన్ని తట్టుకునే గుణం ఈ పురుగులో తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు జన్యువులూ వస్తేనే గట్టిగా బయటపడుతుంది. బీటీ చేలో బతికి బయటపడ్డ కొద్దిపాటి రెక్కల పురుగులకు జత దొరకాలి. పక్కన మామూలు పత్తిలో పెరిగిన వేల పురుగులు ఉంటే వాటితోనే జత కడతాయి. ఆ సంతానానికి ఒక్క వైపు జన్యువే అందుతుంది కాబట్టి మళ్లీ బీటీ కాయ కొరికితే చస్తుంది. మామూలు పత్తి లేకపోతే బతికినవి బతికినవాటితోనే జత కడతాయి. పైగా గులాబీ రంగు పురుగు దాదాపుగా పత్తి మీదే బతికేది. వేరే పంటలో దానికి చెప్పుకోదగ్గ ఆశ్రయం లేదు.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. మొదటి విషాన్ని తట్టుకునే పురుగులు గుజరాత్‌లో కనిపించాయని 2010లో బీటీ పత్తిని తెచ్చిన కంపెనీయే ప్రకటించింది. మరికొన్నేళ్లకు రెండు విషాలున్న రకం కూడా ఓడిపోయింది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ చేలల్లో కాయ కోస్తే పురుగే. అదే పురుగు, అదే విషం, అమెరికాలోని అరిజోనాలో మరో దారి పట్టాయి. అక్కడ 1996 నుంచి పదేళ్ల పాటు మామూలు పత్తి షరతును పాటించారు. 2006 నుంచి దాని స్థానంలో, గొడ్డు చేసిన రెక్కల పురుగులను కోట్లలో చేలపై వదిలారు. దాని వెనకా అదే లెక్క ఉంది: బతికిన పురుగుకు బతికిన జత దొరకకూడదు. 2018లో అమెరికా ప్రధాన భూభాగపు పత్తి ప్రాంతాల నుంచి ఈ పురుగును నిర్మూలించామని ఆ దేశ వ్యవసాయ శాఖ ప్రకటించింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. రెండెకరాల కౌలు రైతు ఐదో వంతు చేనును పురుగుకు వదులుకోగలడా? నాన్ బీటీ గింజల నాణ్యత మీద ఫిర్యాదులు లేవా? ఫిబ్రవరి, మార్చి దాకా చేలో నిలిచే దీర్ఘకాలపు హైబ్రిడ్లు పురుగుకు అదనపు తరాలు ఇవ్వలేదా? నిజమే, అన్నీ కారణాలే, నేను రైతును తప్పుపట్టడం లేదు. కానీ ఈ కారణాల్లో సగం విధాన లోపాలే, ఆ విధానాన్ని నిలదీయడానికి కూడా ప్రకృతి వరణమే తెలియాలి. పంట త్వరగా ముగించమనడం ఎందుకో, 120 గ్రాముల ప్యాకెట్ ఎందుకో చెప్పకుండా షరతును మాత్రం అట్ట మీద అచ్చువేసి చేతులు దులుపుకున్నవాళ్లను ప్రశ్నించే శక్తి, "పురుగు అలవాటు పడింది" అనుకునే సమాజానికి ఉండదు. అలవాటు ఎవరి తప్పూ కాదు కదా.

"అలవాటు పడింది" అన్నది పిల్లలకు సులువుగా చెప్పడానికి వాడే మాటే, శాస్త్రజ్ఞులు కూడా అలాగే మాట్లాడతారు అన్నది మరో వాదన. శాస్త్రజ్ఞుడికి ఆ మాట వెనక లెక్క తెలుసు. విద్యార్థికి ఆ మాటే మొత్తం పాఠం. అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద బిషప్, ఆండర్సన్ 1990లో ప్రచురించిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపింది. అంతకుముందు ఎన్ని జీవశాస్త్ర పాఠాలు చదివారన్న దానికీ, ప్రకృతి వరణం అర్థమవడానికీ సంబంధం కనిపించలేదు. పరిణామాన్ని నమ్మడానికీ అర్థం చేసుకోవడానికీ కూడా సంబంధం కనిపించలేదు. మన దగ్గర పరిణామం మీద జరిగే చర్చ అంతా నమ్ముతావా నమ్మవా, కోతి నుంచి వచ్చామా లేదా అన్నదాని చుట్టే తిరుగుతుంది. నమ్మకాన్ని గెలిపించి అర్థాన్ని వదిలేస్తే ఆ గెలుపుతో వచ్చేది ఏమీ లేదు.

కొంచెం చదువుకున్నవాళ్లు ఎపిజెనెటిక్స్ పేరెత్తి, జీవితంలో వచ్చిన మార్పు సంతానానికి అందుతుందన్న లామార్క్ తిరిగొచ్చాడంటారు. జన్యువుల పనితీరులో కొన్ని మార్పులు కొన్ని తరాల దాకా అందడం నిజం. వైరస్ డీఎన్‌ఏ ముక్కను దాచుకుని తమ సంతానానికి అందించే క్రిస్పర్ ఏర్పాటు బాక్టీరియాలో ఉందన్నదీ నిజం. ఒత్తిడిలో కొన్ని బాక్టీరియాలకు ఉత్పరివర్తనల వేగం పెరుగుతుంది, అవి ఒకదాని నుంచి ఒకటి తయారైన జన్యువులనే అందుకుంటాయి కూడా. కానీ మార్పుల వేగం పెరగడం వేరు, కావలసిన మార్పే రావడం వేరు. అందుకున్న జన్యువు పనికొచ్చిందా లేదా అన్నది తేలేది, అందుకున్నవి మిగిలి అందుకోనివి పోయినప్పుడే. అవసరాన్ని గుర్తించి పరిష్కారాన్ని రాసుకునే శక్తి ప్రకృతికి ఉంటే, మలేరియాకు అది ఇచ్చిన పరిష్కారం సికిల్ సెల్ అయి ఉండేది కాదు. సికిల్ సెల్ జన్యువు ఒకవైపు నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ; తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే జీవితాంతం నొప్పులు, రక్తహీనత. జన్యువు మోసే దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ ప్రమాదం నాలుగింట ఒక వంతు. మలేరియా ప్రబలిన ఆఫ్రికా ప్రాంతాల్లోనూ, మన ఆదివాసీ గూడేల్లోనూ ఈ జన్యువు నిలిచి ఉండటానికి కారణం, దాన్ని ఒకవైపు నుంచి పొందినవాళ్లు ఎక్కువగా బతకడమే. ఆ పిల్లల బాధను ముందుచూపు ఉన్న ఏ శక్తికీ అంటగట్టలేం.

చివరి వాదన, పరిణామ పాఠం పెద్ద తరగతుల్లో ఉంది కదా అన్నది. కోవిడ్ తర్వాత విద్యార్థుల భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అధ్యాయం నుంచి పరిణామాన్ని తీసేసింది. 2023లో వచ్చిన పుస్తకంలో అనువంశికత ఒక్కటే మిగిలింది. దేశంలో వందలమంది శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దీన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. వ్యతిరేకించినవారిలో చాలామంది డార్విన్ గౌరవం గురించి, శాస్త్రీయ దృక్పథం గురించి మాట్లాడారు. నాకు అంతకంటే బాధ కలిగించేది ఆ తీసేసిన భాగంలో ఏముందన్నది. పొదల్లో ఎర్ర పురుగులు ఉంటాయి, వాటిలో ఒకటి ఆకుపచ్చగా పుడుతుంది, కాకులు ఎర్రవాటిని ఏరుకు తింటాయి, పచ్చవి పెరుగుతాయి. మరో సందర్భంలో ఏనుగు తొక్కిడికి చాలా పురుగులు చచ్చి, కేవలం అదృష్టం వల్ల నీలం రంగువి మిగులుతాయి. ఇంకో సందర్భంలో పొదలకు తెగులు సోకి తిండి చాలక పురుగులు బక్కచిక్కుతాయి, కానీ ఆ బక్కతనం సంతానానికి అందదు. ఒక జీవి మారడానికీ సమూహం మారడానికీ ఉన్న తేడాను పదిహేనేళ్ల పిల్లలకు ఇంత చక్కగా చెప్పిన పాఠం మన బడి పుస్తకాల్లో అరుదు. పై తరగతిలో పరిణామం ఉంది, నిజమే, జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకు. ఎంపీసీకీ కామర్స్‌కూ పాలిటెక్నిక్‌కూ వెళ్లేవాళ్లు, పదితోనే చదువు ఆపి పొలంలోకి దిగేవాళ్లు, మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్లు, పల్లెలో సూదిమందు వేసే ఆర్‌ఎంపీ, వీళ్లలో ఎక్కువమంది ఆ పుస్తకం తెరవరు. బీటీ గింజలు కొనేదీ యాంటీబయాటిక్ అమ్మేదీ వాళ్లే.