కొత్త కళ్ళకే కనిపిస్తుంది

అమ్మాయికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. నెల తిరిగేసరికి మేనేజరు గారు పిలిచి, "ఎలా ఉందమ్మా మా దగ్గర? మొహమాటపడకుండా చెప్పు" అన్నారు. ఆ సాయంత్రం పిల్ల ఫోన్ చేసి "ఏం చెప్పనమ్మా?" అని అడిగితే, మనలో చాలామంది ఇచ్చే సలహా ఒకటే. "అంతా బాగుందండీ అనెయ్యి. కొత్తదానివి, పెద్దవాళ్ళతో నీకెందుకు?"

ఈ సలహాలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. కొత్త కోడలు వచ్చిన వారంలోనే గ్యాస్ ట్యూబు బీటలిచ్చిందని కనిపెడుతుంది. ఏళ్ళ తరబడి ఆ వంటింట్లోనే తిరిగే మనకి అది కంటికి ఆనదు. ఉద్యోగాల్లోనూ అంతే. నాలుగు నెలలు పోతే ఆ పిల్లకీ అలవాటైపోతుంది.

మా ఏలూరులో తెలిసినవాళ్ళమ్మాయి తాడేపల్లిగూడెంలో చదువుకుని, కొల్లేరు వైపు ఒక రొయ్యల ప్లాంటులో నాణ్యత చూసే పనిలో చేరింది. అక్కడ రొయ్యలు వలిచే ఆడవాళ్ళకి తొడుగులు చిరిగిపోయి, ఐసు నీళ్ళలో వేళ్ళు నాని పుండ్లు పడుతున్నాయి. కిలోల లెక్కన కూలి కదా, పనిలోంచి తీసేస్తారేమోనని చేతులు దాచుకుంటున్నారు. మేనేజరు అడిగినప్పుడు ఈ పిల్ల "మీ పద్ధతులు బాగాలేవు" అనలేదు. "సార్, ఈ వారం నేను చూసిన పన్నెండుమందిలో ఏడుగురి తొడుగులు చిరిగి ఉన్నాయి. పుండ్లున్న చేతులు సరుకుకీ మంచిది కాదు. రోజూ పొద్దున్నే కొత్తవి ఇస్తే బాగుంటుందండీ" అంది. పది రోజుల్లో తొడుగులు వచ్చాయి. చేతులు ఆరబెట్టుకోడానికి మధ్యలో కాస్త విరామం కూడా అడిగింది. అది ఇంకా రాలేదు. ఉద్యోగం మాత్రం ఊడలేదు!

చెప్పడానికీ ఓ పాకం ఉంది. చేరిన వారానికే చెప్పకూడదు. "ఇలా ఎందుకు చేస్తారండీ?" అని ముందు పాతవాళ్ళని అడగాలి, కారణం ఉండచ్చు. పదిమందిలో కాకుండా విడిగా చెప్పాలి. ఒకటి రెండు విషయాలే, అవీ కళ్ళతో చూసినవే చెప్పాలి. తోటివాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు. బాగున్నది కూడా చెప్పాలి, నిజంగా బాగుంటేనే.

ప్రాణాల మీదికొచ్చే విషయానికి మాత్రం పాకం కోసం ఆగకూడదు. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ విషవాయువు పీల్చి 5 మంది చనిపోయారు. "లోపల గాలి పరీక్షించారా?" అని అడగడానికి సర్వీసు అక్కర్లేదు. నిన్న చేరినవాళ్ళయినా అడగచ్చు.

ఆడపిల్లని వేధిస్తే అది అభిప్రాయం కాదు, ఫిర్యాదే. 2013 నాటి చట్టం ప్రకారం 10 మంది, ఆ పైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన 3 నెలల లోపు రాసివ్వాలి.

ఈసారి ఫోన్ వస్తే "నీకెందుకు" అనకండి. "ఏం చూశావో ముందు నాకు చెప్పు" అనండి. మన దగ్గర ఒకసారి చెప్పుకుంటే మాట చక్కబడుతుంది. చివర్లో "వాళ్ళేమైనా అంటే మేమున్నాం" అనడం మర్చిపోకండి. పిల్లకి కావలసిన ధైర్యం అదే.